గుట్టని కంటితో చదవాలా, టేపుతో కొలవాలా?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, చదివే మిగతావాళ్లకి కూడా సంగతి తెలియాలి కదా. కళ్యాణదుర్గం దగ్గర ఊరుమ్మడి బీడు, దాన్ని ఆనుకున్న గుట్ట, రెండూ కలిపి సుమారు 180 ఎకరాలు. పోయినేడూ, ఈ ఏడూ మీ బృందం, బీడు నేల ఆరోగ్యాన్ని కంటితో అంచనా వేసే 17 గుర్తుల కాగితం పట్టుకుని అంతా తిరిగింది. ఈసారి "పోయినేటి కంటే మెరుగు" అని రాశారు. 50 మీటర్ల టేపు ఒకటి పరిచి, అర మీటరుకొక చుక్క చొప్పున 100 చుక్కల్లో సన్న చువ్వ దించి ఏం తగిలిందో చూస్తే, ఖాళీ నేల పోయినేడు 30 చుక్కల్లో వచ్చింది, ఈ ఏడు 35 వచ్చింది. అంటే టేపు "చెడింది" అంటోంది. గొర్రెల కాపరులేమో "మేపు సచ్చింది సార్" అంటున్నారు. పైఆఫీసు "ఈ కథలన్నీ మాకొద్దు, ఒక్క నంబరు పంపండి" అంటోంది. ఎవరి మాట పట్టుకోవాలి?

ఇరవై ఏళ్లకు పైగా ఈ జిల్లా బీళ్ల మీదే నా తిరుగుడంతా. ఎక్కువగా రాయదుర్గం, కంబదూరు, కుందుర్పి వైపు. మొదట తేలిగ్గా తేలే ముక్క తేల్చేస్తాను. మీ 30కీ 35కీ తేడా ఉందని చెప్పలేం. నూరు చుక్కల్లో 30 ఖాళీ అంటే అసలు విలువ 21కీ 39కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, ఊగులాట అటు 9, ఇటు 9. రెండేళ్ల అంకెలు ఒకదాని నుంచి ఒకటి తీసేసేటప్పుడు ఆ ఊగులాట 13 దాకా పెరుగుతుంది. పైగా ఈ లెక్క కూడా ఉదారంగా వేసిందే. ఒకే టేపు కింద పక్కపక్కనే ఉన్న చుక్కలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి అవి నూరు వేర్వేరు సాక్ష్యాలు కావు. మీ దగ్గర నిజానికి ఉన్నది ఒక్క టేపు. 180 ఎకరాలకి ఒక్క టేపు వేసి 5 శాతం చెడిందని రిపోర్టు రాస్తే, ఆ రిపోర్టుని ఎవరైనా గట్టిగా అడిగితే నిలబడదు.

ఇక కంటి అంచనా సంగతి. ఆ 17 గుర్తుల పద్ధతి అమెరికాలో పుట్టింది. అక్కడి ప్రభుత్వ భూముల శాఖ, వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కలిసి తయారుచేశారు, 5వ కూర్పు 2020లో వచ్చింది. సన్న కోతలు, నీళ్లు పారిన జాడలు, మట్టి పీటల మీద నిలబడిపోయిన దుబ్బులు, ఖాళీ నేల, గండ్లు, గాలికి లేచిపోయిన చోట్లు, ఆకుచెత్త కొట్టుకుపోవడం, ఇలా మొదలై చివరికి కలుపు చొరబాటు, దుబ్బు గడ్డి విత్తనం వేసే శక్తి దాకా వెళ్తుంది. ఒక్కో గుర్తు దగ్గర అడిగే ప్రశ్న ఒకటే: ఈ రకం నేల ఆరోగ్యంగా ఉంటే ఎలా ఉండాలో దానికీ, ఇక్కడ కనపడుతున్నదానికీ ఎంత దూరం? ఆ దూరానికి అయిదు మెట్లు, ఒకటోది దూరం దాదాపు లేనట్టు, అయిదోది బాగా చెడినట్టు. ఆ 17 గుర్తుల్నీ చూసి చివరికి మూడు సంగతులు తేలుస్తారు: నేల నిలబడుతోందా, వాన నీళ్లు లోపలికి దిగుతున్నాయా, మొక్కల సంసారం సవ్యంగా ఉందా.

ఇక్కడ రెండు తప్పులు అందరూ చేస్తారు. నేనూ చేశాను. ఒకటి, అయిదు మెట్లకీ 1 నుంచి 5 మార్కులు వేసి, 17 గుర్తులకీ సగటు తీయడం. గుట్ట మీంచి వంకలోకి గండి తెగి మట్టంతా పోతోందనుకోండి, మిగతా పదహారు గుర్తులు బాగుంటే సగటు "పర్లేదు" అంటుంది. గండి మాత్రం పర్లేదు అనదు. పద్ధతి రాసినవాళ్లే సగటు వద్దన్నారు, సాక్ష్యాల బరువు ఎటు మొగ్గుతోందో చూసి తీర్పు చెప్పమన్నారు. రెండోది, ఈ కాగితాన్ని ఏటేటా నింపి ఏడాదికీ ఏడాదికీ పోల్చడం. అది ఆ పని కోసం పుట్టలేదు. ఒక రోజు, ఒక చోట, నేల తన మేలు స్థితికి ఎంత దూరంలో ఉందో చెప్పడానికి పుట్టింది. మార్పు పట్టుకోవాలంటే కొలతే కావాలి. మీరు "పోయినేటి కంటే మెరుగు" అని రాశారు చూడండి, ఆ మాట చెప్పే హక్కు ఆ కాగితానికి లేదు.

ఎందుకు లేదో నాకు తెలిసొచ్చిన తీరు చెప్తాను. కంబదూరు వైపు ఒక గుట్టని నవంబరులో చూశాను. సెప్టెంబరు, అక్టోబరు వానలు బాగా పడ్డాయి. మోకాలెత్తు గడ్డి, తంగేడు పూత మీదుంది, ఎక్కడ చూసినా పచ్చన. రెండో మెట్టు రాసొచ్చాను. అదే గుట్టకి మళ్లీ ఏప్రిల్లో పోవాల్సొచ్చింది. ఒక మూల ఎవరో అగ్గి పెట్టారు, మిగతాది గొర్రెలు గీకేశాయి, ఎర్రమట్టి ఎండకి మండిపోతోంది. చేతిలో పాత కాగితం లేదు. నాలుగో మెట్టు రాశాను. ఆఫీసుకొచ్చి రెండూ పక్కపక్కన పెడితే ఒకే మనిషి చేతిరాత, ఒకే గుట్ట, అయిదు నెలల్లో రెండు మెట్ల పతనం! అదృష్టం కొద్దీ రెండుసార్లూ టేపు కూడా వేశాం. పైన ఆకు తగిలిన చుక్కలు సగానికి పైగా పడిపోయాయి, అవి ఎటూ పడిపోయేవే. దుబ్బు మొదలు తగిలిన చుక్కలు మాత్రం రెండుసార్లూ దాదాపు ఒక్కటే. గుట్ట మారలేదు. కాలం మారింది, నా కన్ను దానితోపాటు మారింది.

అందుకే ముందు చేయాల్సిన దిద్దుబాటు ఇది. చుక్క దగ్గర చువ్వ దించినప్పుడు పైన ఏ ఆకు తగిలింది అన్నదొకటే రాయకండి. కింద నేల మీద ఏం తగిలింది, దుబ్బు మొదలా, ఆకుచెత్తా, రాయా, ఉత్త మట్టా, అదీ రాయండి. ఆకు లెక్క ఆ ఏటి వాన గురించి చెప్తుంది. మొదలు లెక్క నేల గురించి చెప్తుంది. అనంతపురంలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, అదీ ఒక ఏడు ముంచి ఒక ఏడు ఎండగట్టి. ఇలాంటి చోట ఆకు లెక్కల్ని ఏటేటా పోల్చితే మీరు కొలిచేది గుట్టని కాదు, వానని. చువ్వకి పాత సైకిల్ స్పోక్ చాలు, దాన్ని మించిన పరికరం నేను చూడలేదు. సన్నగా, తిన్నగా ఉంటుంది, పోతే బాధ లేదు.

ఏ గుర్తుకి ఏ కొలత జత అన్నది కూడా తెలుసుకోవాలి. ఖాళీ నేల, ఆకుచెత్త, కలుపు, గడ్డిజాతుల వాటా, ఇవన్నీ చుక్కల టేపుకి దొరుకుతాయి. మొక్కలు ఎలా సర్దుకుని ఉన్నాయన్నది మాత్రం శాతాల్లో దొరకదు. ఒకచోట 30 శాతం ఖాళీ చిన్న చిన్న సందులుగా చెదిరి ఉంటుంది, ఇంకోచోట అదే 30 శాతం రెండు మీటర్లకి మించిన ఖాళీలుగా కలిసిపోయి ఉంటుంది. మొదటిచోట నీటి చుక్కకి అడుగడుగునా ఒక దుబ్బు అడ్డం పడుతుంది, రెండోచోట నీళ్లు పరుగు అందుకుంటాయి. అదే టేపు మీద దుబ్బుకీ దుబ్బుకీ మధ్య 20 సెంటీమీటర్లు దాటిన ప్రతి సందు మొదలు, చివర రాసుకుంటూ పోండి, అరగంట పని. ఆ సందుల్లో మీటరు దాటినవి ఎన్ని అన్నదే నేను మొట్టమొదట చూసే అంకె.

మట్టి పీటలు, నీళ్లు పారిన జాడలు, సన్న కోతలు, వీటికి చవకైన మంచి కొలత లేదు. అక్కడ కన్నే దిక్కు. దుబ్బు పక్కన గొంతుక్కూర్చుని చూడండి. వేళ్లు బయటపడి, దుబ్బు ఒక చిన్న పీట మీద కూర్చున్నట్టుంటే, చుట్టూ రెండు వేళ్ల మట్టి ఎప్పుడో పోయిందని అర్థం. మీ టేపు ఆ దుబ్బుని "గడ్డి ఉంది" అని సంతోషంగా లెక్కేసుకుంటుంది. రాయదుర్గం అవతల, బొమ్మనహాళ్, కణేకల్ వైపు హగరి ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి వచ్చే చోట్ల అయితే గాలి గుర్తులకే మొదటి బరువు ఇవ్వాలి. మీ గుట్టకి ఆ బెడద లేదు కాబట్టి అక్కడ ఎక్కువ సేపు ఆగకండి.

ఇప్పుడు నాకిష్టమైన పరీక్ష. మట్టి గట్టిదనాన్ని చేత్తో నలిపి "బాగుంది" అని రాస్తారు చాలామంది. దానికి మంచి కొలత ఇంట్లో ఉండే సామాన్లతోనే అవుతుంది. పొడి మట్టి కావాలి, తడిగా ఉంటే నీడలో ఆరబెట్టండి. పైపొర నుంచి శనగగింజంత పెళ్ల, 6 నుంచి 8 మిల్లీమీటర్లది, పగలకుండా లేపండి. టీ వడపోసే చిన్న జల్లెడలో పెట్టి నీళ్లలో దించండి. అయిదు సెకన్లలోపే సగం కరిగి కూలిపోతే ఒకటో తరగతి, అరనిమిషంలోపు అయితే రెండోది, అయిదు నిమిషాలలోపు అయితే మూడోది. అయిదు నిమిషాలు అలాగే ఉంచి, ఆ తర్వాత జల్లెడని అయిదుసార్లు పైకీ కిందికీ ముంచి తీయండి. ముప్పాతిక మించి మిగిలితే ఆరో తరగతి. మధ్యవి మిగిలినదాన్ని బట్టి. ఒక్కో టేపుకి 18 పెళ్లలు చూడాలి, కొన్ని దుబ్బు కింద, కొన్ని ఖాళీలో, ఏది ఎక్కడిదో రాసుకుంటూ. నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. మన బోరు నీళ్ల ఉప్పులకి మట్టి వేరేగా ప్రవర్తిస్తుంది. మొదటిసారి నేను బోరు నీళ్లే వాడి నాలుగు రోజుల పని పారబోసుకున్నాను. దుబ్బు కింది పెళ్ల అయిదు నిమిషాలు నిలబడి, జానెడు దూరంలో ఖాళీలోని పెళ్ల లెక్కపెట్టేలోపే బురదైపోతే, పక్కనున్న కాపరికి మీరు ఏమీ వివరించక్కర్లేదు. ఆ జల్లెడ చూపించండి చాలు.

కన్ను, టేపు గొడవపడే చోటు ఇంకొకటి ఉంది, మీ దగ్గర జరిగింది ఇదేనేమో అని నాకు అనుమానం. గరుసు నేల. దూరం నుంచి చూస్తే ఎర్రగా, బోడిగా, ఏమీ లేనట్టుంటుంది. కానీ అర సెంటీమీటరు దాటిన రాయి కింద నేల వాన దెబ్బకి అందదు. పద్ధతి ప్రకారం చువ్వ రాయి మీద పడితే అది "రాయి", ఖాళీ నేల కాదు. పైన ఆకు లేకుండా, చెత్త లేకుండా, రాయి లేకుండా ఉత్త మట్టి తగిలితేనే ఖాళీ. పోయినేడు రాసిన మనిషి గరుసుని రాయిగా రాసి, ఈ ఏడు రాసిన మనిషి ఖాళీగా రాసి ఉంటే మీ 5 శాతం అక్కడే పుట్టి అక్కడే పోతుంది.

కాపరుల మాటకి వస్తాను. ఒకసారి ఒక పెద్దాయనకి మా కాగితం చదివి వినిపించాను. తలాడించి అన్నాడు: "గుట్ట నిండా పచ్చగ ఉండాది సార్, కాదనను. నోటికి పట్టేది యాడుంది?" ఆయన చెయ్యి చూపిన వైపు మొత్తం బందారు, తంగేడు. గొర్రె రెండింటినీ ముట్టదు. ఒక మూల బోద గడ్డి, అదీ ముదిరిపోయి కొట్టానికి కప్పడానికి తప్ప మేతకి పనికిరాని దశలో. ఫొటోలో, ఉపగ్రహం బొమ్మలో, మా కంటి అంచనాలో అది పచ్చదనమే.

ఆయన మాటని అంకెలోకి మార్చడం కష్టం కాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం వేసి, అందులో గొర్రె తినేది ఒక సంచిలోకి, తిననిది ఇంకో సంచిలోకి కోయండి. ఏది తినేదో కాపరినే చెప్పమనండి, మీరు పుస్తకం చూడకండి. బరువు ఇక తగ్గదన్నదాకా ఎండబెట్టి తూచండి. చదరపు మీటరుకి వచ్చిన గ్రాముల్ని 4తో గుణిస్తే ఎకరాకి కిలోలు. లెక్క సులువు కోసం తినేది 40 గ్రాములు వచ్చిందనుకుందాం, ఎకరాకి 160 కిలోలు. సగం నేలకి వదిలేయాలి, కాబట్టి 80. మీ 180 ఎకరాలకి 14,400 కిలోలు. ముప్పై కిలోల గొర్రె రోజుకి ఎండు లెక్కన సుమారు కిలో తింటుంది. 300 గొర్రెల మందకి ఇది 48 రోజుల మేత. తిననిదాన్ని కూడా కలిపి లెక్కేసిన ఆఫీసరుకి ఇదే గుట్ట అయిదారు నెలలు సరిపోయినట్టు కనపడుతుంది. మేకలది వేరే లెక్క, అవి తుమ్మకాయలూ రేగు కొమ్మలూ చూసుకుంటాయి, ఇక్కడ కలపకండి.

మాటల్లో మాట, పాత కర్నూలు జిల్లాలో రోళ్లపాడు ఉంది కదా. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. ఆ పిట్టకి కావలసింది పొట్టి గడ్డి, విశాలంగా కనుచూపు ఆనే బయలు. చుట్టుపక్కల కాలవ నీళ్లు, పంటలు, కంపచెట్లు పెరిగినకొద్దీ ప్రాంతం పచ్చబడింది, పిట్ట మాత్రం కనుమరుగైంది. అక్కడ "పచ్చగా ఉంది" అన్న అంచనాకి ఏం విలువ చెప్పండి? ఎవరి కోసం ఆరోగ్యం అన్నది ముందు రాసుకోకుండా ఏ గుర్తుకీ మెట్టు వేయలేం.

ఆ ఆరోగ్యానికి పోలిక ఎక్కడ దొరుకుతుంది అన్నది తర్వాతి ప్రశ్న. అమెరికా వాళ్లకి ఒక్కో రకం నేలకి పోలిక పత్రం రాసి ఉంటుంది. మనకి లేదు, మనమే రాసుకోవాలి. అదే నేల, అదే వాలు, అదే వాన ఉన్న చోట గొర్రె పెద్దగా పోని జాగా వెతకండి. శ్మశానం, గుడి చుట్టూ వనం, రైలు కట్ట పక్క కంచె లోపల, అటవీ శాఖ పాత కంచె. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లూ ఊళ్లూ కలిసి కాపాడుకుంటున్న కల్పవల్లి గుట్టలు ఒకసారి తిరిగి రండి, బోద గడ్డి ఇంత దట్టంగా నిలబడగలదా అని కన్నుకి ఒక కొలబద్ద దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: అస్సలు మేయని కంచె లోపల గడ్డి దుబ్బు నడుమ చచ్చి, పాత గడ్డి పేరుకుని, కొత్త పిలక రాక ఉంటుంది. దాన్ని తెచ్చి ఆదర్శం అని పెట్టకండి. రెండు మూడు చోట్లు చూసి, ఊళ్లో అరవై దాటినవాళ్లని నలుగురిని అడిగి, ఒక పేజీ రాసుకోండి.

ఇక పని. బీడుని ముందు కంటితోనే ముక్కలు చేయండి: గుట్ట నెత్తి, వాలు, వాలు కింద మట్టి చేరే జాగా, వంక ఒడ్డు. ఒక్కో ముక్కలో కనీసం మూడు టేపులు, చోటు చీటీ తీసి ఎంచండి, కాలికి అనువైన చోట కాదు. మొత్తం పన్నెండు టేపులు, ముగ్గురు మనుషులు, నాలుగైదు రోజులు. గుర్తుకి ఇనుప కడ్డీ పాతకండి, మరుసటి ఏటికి అది పాత సామాన్ల కొట్లో ఉంటుంది. పెద్ద రాయికి సున్నం కొట్టి, ఫోన్లో జీపీఎస్ రాసుకోండి. టేపుకి ఎప్పుడూ ఒకే పక్క నడవండి, లేకపోతే మీ కాళ్ల కింద నలిగిన గడ్డినే కొలుస్తారు. ప్రతి టేపు మొదట్లో నిలబడి ఒక ఫొటో, ఏటా అదే చోటు, అదే ఎత్తు, అదే నెల. నెల నవంబరు చివర పెట్టుకోండి, విత్తనం వచ్చి జాతులు గుర్తుపట్టడం తేలిక.

మొదటి రోజు పొద్దున కన్ను సరిచేసుకునే ఆట ఒకటి ఆడించండి. టేపు వేయకముందు అందర్నీ ఒకచోట నిలబెట్టి, ఖాళీ నేల ఎంత శాతమో ఎవరి అరచేతిలో వాళ్లు పెన్నుతో రాసుకోమనండి, పక్కవాడికి చూపించొద్దు. తర్వాత టేపు వేయండి. మా వాళ్లలో ఒకడు 15 అని, ఒకడు 60 అని రాసి, ఇద్దరూ ఒకే రాయి మీద నిలబడి ఉన్నారు. మూడు నాలుగు చోట్ల ఇలా చేస్తే సాయంత్రానికి అరచేతులు దగ్గరికి వస్తాయి. ఆ తర్వాతే 17 గుర్తుల కాగితం తీయండి. కొలిచిన అంకెని ఆ గుర్తు పక్కనే రాయండి, మెట్టు ఎందుకు వేశారో ఒక్క వాక్యం రాయండి. అంకె ఒకటి, మెట్టు ఒకటి చెప్తుంటే రెండింట్లో ఒకదాన్ని కొట్టేయకండి, ఆ చోటికి మళ్లీ నడవండి. నాకు తెలిసి సగంసార్లు టేపు మంచిచోట పడి ఉంటుంది, లేదా కన్ను ఒక గండిని చూసి గుట్టంతటి మీదా కోపం తెచ్చుకుని ఉంటుంది.

పైఆఫీసుకి ఒక్క నంబరే కావాలంటే, దుబ్బు గడ్డి మొదలు తగిలిన శాతం ఇవ్వండి, పక్కన ఊగులాట కూడా వేసి. వాళ్లు ఊగులాట కొట్టేస్తే అది వాళ్ల పని. మూడు సంగతుల తీర్పూ, రెండు ఫొటోలూ జతచేసి పంపండి. ఆ ఏడు మీ మండలంలో ఎంత వాన పడిందో మాత్రం అదే పేజీ మీద ఉండాలి, తహసీల్దారు ఆఫీసులో దొరుకుతుంది. కాపరులు చెప్పింది "అభిప్రాయాలు" అన్న శీర్షిక కింద చివరి పేజీలోకి తోయకండి, తినే మేత తూకం పక్కన పెట్టండి.

నాకు మాత్రం మూడు విషయాలు తెలియాలి. పోయినేడు టేపు ఏ నెలలో వేశారు? ఈ ఏడు చుక్కలు రాసింది అదే మనిషేనా? రెండేళ్ల చుక్కల కాగితాలు ఫొటో తీసి పెట్టండి. రాయి అని రాసిన చుక్కలు పోయినేడు ఎన్ని, ఈ ఏడు ఎన్ని అన్నది చూస్తే మీ అయిదూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసిపోవచ్చు.